ముందు మాట.. తర్వాతే వేటు
ఆన్‌లైన్ ఆటల్లో తగవులు తీర్చే మోడరేటర్లు

వారం రోజులు కష్టపడి కట్టుకున్న ఇల్లు. పొద్దున చూస్తే గోడల్లేవు, పెట్టెలో సరుకూ లేదు. ఇది ఊళ్లో పడ్డ దొంగతనం కాదు. కంప్యూటర్లో ఆడే ‘మైన్‌క్రాఫ్ట్’లో సంగతి. స్వీడన్ సంస్థ మోజాంగ్ 2011లో పూర్తిస్థాయిలో విడుదల చేసిన ఈ ఆటలో ఒకరు కట్టింది ఇంకొకరు కూల్చడాన్ని ‘గ్రీఫింగ్’ అంటారు. పదిమంది కలిసి ఆడే సర్వర్‌లో ఈ తగవులు తీర్చే పెద్దమనిషే మోడరేటర్. చాలాచోట్ల ఇది జీతంలేని కొలువే.

రుజువుంటేనే..
ఆటతోపాటు వచ్చే ఆదేశాలు కిక్, బ్యాన్. ఒకటి బయటికి గెంటేది, రెండోది మళ్లీ రానివ్వనిది. హెచ్చరించే ‘వార్న్’ను మాత్రం సర్వర్ నడిపేవాళ్లు ప్లగిన్‌తో చేర్చుకోవాలి. ‘కోర్‌ప్రొటెక్ట్’ లాంటి ప్లగిన్ ఏ దిమ్మెను ఎవరు, ఎప్పుడు పగలగొట్టారో రాసి పెడుతుంది. కూలిన ఇంటిని తిరిగి నిలబెడుతుంది కూడా. అది చూశాకే నోరు విప్పాలి. ‘సరిగ్గా ఆడు’ అంటే పిల్లాడికి ఏం అర్థమవుతుంది? ఏ నియమం తప్పాడు, మళ్లీ చేస్తే ఏమవుతుంది.. ఈ రెండూ చెప్పాలి. అదీ నలుగురిలో కాదు, విడిగా. వినకపోతే మాట్లాడనీయకుండా ‘మ్యూట్’, ఆపైన కొన్నాళ్ల నిషేధం.

ఒకరి తప్పు.. అందరికీ శిక్ష
తొందరపడి ఐపీ చిరునామాను నిషేధిస్తే అసలు చిక్కు. హాస్టల్లో, నెట్ సెంటర్లో ఒకే కనెక్షన్ మీద ఆడేవాళ్లందరికీ ఒక్క దెబ్బకు తలుపు మూసుకుంటుంది. తమ్ముడు చేసిన అల్లరికి అన్న కూడా బయటే!

‘ఒరేయ్’ తిట్టా.. ముద్దా?
బళ్లారి, హోసూరు, బరంపురం పిల్లలకు ఇంకో ఇబ్బంది. ఇంట్లో తెలుగు, వీధిలో మరో భాష. ఆటలో రెండూ ఇంగ్లిష్ అక్షరాల్లో టైపు చేస్తారు. ఇంగ్లిష్ బూతుల జాబితాతో నడిచే వడపోతకు తెలుగు తిట్టు చిక్కదు. స్నేహితుణ్ని ‘ఒరేయ్’ అని పిలిచినా భాష తెలియని మోడరేటర్‌కు తిట్టులాగే కనపడొచ్చు. అలాంటప్పుడు కోపంతో ఎదురు తిరగడం కన్నా, చాట్ స్క్రీన్‌షాట్ జతచేసి అర్థం వివరించడమే మేలు.

2022 జులైలో వచ్చిన 1.19.1 వెర్షన్ నుంచి చాట్‌పై ఫిర్యాదులు నేరుగా కంపెనీకే పంపొచ్చు. అక్కడ వేటు పడితే ఏ సర్వర్‌లోనూ చోటుండదు. అందుకే ఇంటి సర్వర్‌లో సకాలంలో అందే హెచ్చరిక పిల్లాడికి మేలే చేస్తుంది. అన్నట్టు ఈ ఆటలో ‘పార్డన్’ అనే ఆదేశమూ ఉంది. అంటే క్షమాపణ. పొరపాటున వేసిన వేటును వెనక్కి తీసుకోవడమూ పెద్దమనిషి పనే.