పారిస్ చదువుకు పదో తరగతి జాబితాలోనే తొలి మెట్టు

విదేశీ చదువంటే ముందు బ్యాంకు రుణం, తర్వాత వీసా గుర్తొస్తాయి. పేరు సంగతి ఎవరికీ తట్టదు. పారిస్ వెళ్లే మన బడి పిల్లలను ఎక్కువగా తిప్పలు పెట్టేది ఆ పేరేనని మా అభిప్రాయం.

హోసూరులోనో కృష్ణగిరిలోనో ఉన్న తెలుగు ఇంటిని తీసుకోండి. తాతగారి పొలం కాగితాల్లో ఇంటిపేరు ముందుంటుంది. బడి రికార్డులో తండ్రి పేరులోని మొదటి అక్షరమే ఇనిషియల్. పాస్‌పోర్టులో దాన్ని విడదీసి పూర్తిగా రాయాలి. దానికితోడు తమిళ లిపిలో క, గ లకు ఒకటే అక్షరం. అందులోంచి ఇంగ్లీషులోకి ఎక్కించేటప్పుడు మన గౌరి కౌరి అయిపోవచ్చు. ఊళ్లో దాన్ని ఎవరూ పట్టించుకోరు. పారిస్ కార్యాలయంలో మాత్రం రెండు స్పెల్లింగులంటే ఇద్దరు మనుషుల కిందే లెక్క.

అందుకే ప్రధానోపాధ్యాయులకు మా మనవి: పదో తరగతి నామినల్ రోల్ పంపే ముందు పిల్లల జనన ధ్రువపత్రం, ఆధార్, పాస్‌పోర్టు ఉంటే అదీ పక్కపక్కన పెట్టి పేర్లు సరిచూడండి. మార్కుల జాబితా అచ్చయ్యాక దిద్దించడం ఎంత పనో మీకు మేం చెప్పాలా!

జనన ధ్రువపత్రం అక్కడ ఇంకో పనికి కూడా కావాలి. ఫ్రాన్సులో విదేశీ విద్యార్థులు ప్రభుత్వ ఆరోగ్య బీమాలో ఉచితంగా చేరవచ్చు. శాశ్వత నంబరు రావాలంటే తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న జనన ధ్రువపత్రం అడుగుతారు. దానికి గుర్తింపు ఉన్న అనువాదకుల ఫ్రెంచి అనువాదం, మన విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్ ముద్ర కావలసి వస్తాయి. ఆ ముద్రకు ముందు సాధారణంగా పత్రం ఇచ్చిన రాష్ట్రంలోనే ధ్రువీకరణ జరగాలి. మన కుటుంబాలకు చిక్కు వచ్చేది ఇక్కడే. తొలి కాన్పు పుట్టింట్లో కదా! బిడ్డ చిత్తూరులో పుట్టి, హోసూరులో చదివితే జనన పత్రానికి ఆంధ్రప్రదేశ్, మార్కుల జాబితాకు తమిళనాడు తిరగాలి. బళ్లారి, బరంపురం, షోలాపూరు తెలుగువారిదీ ఇదే కథ. యానాం 1954 దాకా ఫ్రెంచి పాలనలో ఉన్న ఊరే అయినా, ఫ్రెంచి పౌరసత్వం లేని అక్కడి పిల్లలకూ ఇదే దారి. పైగా వాళ్ల రాజధాని పుదుచ్చేరి 800 కిలోమీటర్లకు పైనే. బిడ్డ విమానం ఎక్కాక అమ్మానాన్నలు ఈ కాగితాల కోసం తిరగడం కన్నా ఏడాది ముందే మొదలుపెట్టడం మేలు.

డబ్బు లెక్క చెప్పుకుందాం. వీసాకు నెలకు 615 యూరోల చొప్పున చూపాలని నియమం. పారిస్‌లో అది చాలదు, ప్రైవేటు గది అద్దెకే సరిపోవచ్చు. ఏడాదికి 964 గంటల వరకు పని చేసుకోవచ్చు. ఆ ఆదాయాన్ని నమ్ముకుని మాత్రం రుణం లెక్క వేయకండి.

భాష విషయంలో మన పిల్లలకు ఒక మేలుంది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడమో ఒడియానో, తరగతిలో ఇంగ్లీషు. ఇంటి భాష కాని భాషలో అర్జీ పెట్టడం, బేరమాడడం వాళ్లకు కొత్త కాదు. ఇంగ్లీషులో నడిచే మాస్టర్స్ కోర్సులు ఉన్నా, ఇంటి యజమాని, బ్యాంకు గుమస్తా, కార్యాలయం ఉత్తరాలు ఫ్రెంచిలోనే. బెంగళూరు, చెన్నై, పుణె, పుదుచ్చేరిల్లో అలయన్స్ ఫ్రాంసేజ్ తరగతులున్నాయి. డిగ్రీ చివరి ఏడాదిలో కంగారుగా చేరేకన్నా ఇంటర్ నుంచే నెమ్మదిగా నేర్పించండి. ప్రవేశాల దారి కాంపస్ ఫ్రాన్స్ నుంచి మొదలవుతుంది. అక్కడి ముఖాముఖిలో ఈ కోర్సే ఎందుకని అడుగుతారు. బట్టీ పట్టిన జవాబు అక్కడ తేలిపోతుంది.

గది వెతకడం అన్నింటికన్నా కష్టం. ఇంటి యజమానులు హామీదారును అడుగుతారు, అదీ ఎక్కువగా ఫ్రాన్సులో ఆదాయం ఉన్నవారిని. విజాల్ అనే ఉచిత హామీ పథకానికి విద్యార్థులు దరఖాస్తు చేసుకోవచ్చు. నగరంలోని అంతర్జాతీయ విద్యార్థి నివాసాల ప్రాంగణంలో మెజో ద లాంద్ పేరుతో భారత విద్యార్థి గృహం ఉంది. గదులు తక్కువ, అడిగేవారు ఎక్కువ. సీటు ఖాయమైన రోజే దరఖాస్తు పెట్టించండి. గది ఫొటో చూసి, ముందుగా డబ్బు పంపమనేవారికి మాత్రం ఒక్క యూరో కూడా పంపనివ్వకండి. దిగాక మూడు నెలల్లోపు దీర్ఘకాలిక విద్యార్థి వీసాను ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి, అక్కడి చిరునామా అడిగేది అప్పుడే.