ఫిజీకి టీవీ వచ్చాక

అందం మీద మోజు అనాదిగా ఉన్నదే, దానికి టీవీనీ సినిమానీ ఆడిపోసుకోవడం దేనికి అని అడిగేవాళ్లకు ఫిజీ దీవుల్లోని నడ్రోగా సంగతి చెప్పాలి. అక్కడ అప్పట్లో ఒళ్లు నిండుగా ఉండటమే అందం. మనిషి చిక్కిపోతే అయినవాళ్లు సరిగా చూసుకోవడం లేదనేవారు. 1995లో టీవీ వచ్చింది, దాంతోపాటే అమెరికా సీరియళ్లలోని సన్నటి అమ్మాయిలూ వచ్చారు. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ ఆ ఏడాదీ, మళ్లీ 1998లోనూ బడి అమ్మాయిలను ప్రశ్నించారు. బరువు తగ్గడానికి కావాలని వాంతి చేసుకుంటున్నామన్నవాళ్లు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్లకు 11.3 శాతం మంది తేలారు. విడతకు అరవై పైచిలుకు మందినే అడిగారు, వాళ్లూ వేర్వేరు అమ్మాయిలు కాబట్టి నేరమంతా టీవీదేనని తేల్చలేం. ఉద్యోగాల మీద కొత్త ఆశలూ అప్పుడే చిగురించాయి. అయితే సన్నబడితేనే ఆ ఆశలు తీరతాయన్న పాఠం తెర మీదిదేనని కొందరు అమ్మాయిలే చెప్పారు.

మన దగ్గర తెలుపు పిచ్చి క్రీముల కంటే పాతది, నిజమే. పెళ్లి ప్రకటనలు చదివితే చాలు. కానీ 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము ప్రకటనలు ఆ పిచ్చికి పెళ్లినీ ఉద్యోగాన్నీ ముడిపెట్టి ఇంటింటికీ చేర్చాయి. 2020లో పేరులోంచి 'ఫెయిర్' పోయి 'గ్లో' వచ్చింది. మంచిదే. ఈలోగా ఆ పని ఫోన్లు అందుకున్నాయి: బ్యూటీ ఫిల్టర్ ఒక్క నొక్కుతో రంగు తేల్చి, మచ్చలు చెరిపి, దవడ సన్నం చేస్తుంది. ఒకప్పుడు పోలిక హీరోయిన్‌తో, ఇప్పుడు పిల్లలకు పోలిక దిద్దిన తమ ముఖంతోనే.