కొత్త చెక్క వాసన

కొత్త ప్లైవుడ్ బీరువా తలుపు తెరవగానే ఘాటైన వాసన ముక్కుకు సోకుతుంది. ఒక్కొక్కప్పుడు కళ్లు మండి నీరు కారుతుంది. చాలామంది దాన్ని కొత్తదనానికి గుర్తుగా భావించి సంతోషిస్తారు. నిజానికి ఆ ఘాటు చెక్కది కాదు. చెక్కను అతికించిన జిగురుది.

పాఠశాల ప్రయోగశాలలో గాజుసీసాలో కప్పనో పామునో నిలవ ఉంచే ద్రవాన్ని మీరు చూసే ఉంటారు. దాని పేరు ఫార్మలిన్. ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నీటిలో కరిగితే ఫార్మలిన్ అవుతుంది. ఈ ఫార్మాల్డిహైడ్‌ను యూరియాతో కలిపి వండితే గట్టి జిగురు తయారవుతుంది. అవును, పొలంలో చల్లే యూరియాయే! పలుచని చెక్క పొరలను ఈ జిగురుతో అతికిస్తే ప్లైవుడ్. చెక్కపొట్టును దీనితో కలిపి వేడిగా అదిమితే పార్టికిల్ బోర్డు. రెంటినీ కలిపి అతుకు చెక్క అందాం. జిగురు చౌక, త్వరగా గట్టిపడుతుంది. అందుకే లోకమంతటా వ్యాపించింది.

అయితే జిగురులో కొంత ఫార్మాల్డిహైడ్ కలవకుండా మిగిలిపోతుంది. అది మొదటి నెలల్లో బయటికి వస్తుంది. అంతటితో ఆగదు. గాలిలోని తేమ జిగురులోని బంధాలను కొద్దికొద్దిగా తెంచుతూ ఉంటుంది. వాయువు మళ్లీ పుడుతుంది. ఉక్కపోసే రోజుల్లో ఇది మరీ ఎక్కువ. కాబట్టి ఒక బల్ల ఏళ్ల తరబడి ఈ వాయువును వదులుతూనే ఉండవచ్చు. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాలలో చేర్చింది.

వాసనను బట్టి పరిమాణం చెప్పలేం. ముక్కు కొంతసేపటికి అలవాటు పడిపోతుంది. జపానువారు వాడే పద్ధతి ఒకటి చాలా సులువైనది. మూతగల పెద్ద గాజుపాత్ర అడుగున చిన్న గిన్నెలో శుద్ధజలం ఉంచుతారు. దానిపైన కొలిచి కోసిన చెక్కముక్కలను నిలబెట్టి, 20 డిగ్రీల వేడిలో 24 గంటలు కదపకుండా ఉంచుతారు. వెలువడిన వాయువు నీటిలో కరుగుతుంది. ఆ నీటికి తగిన రసాయనం కలిపితే పసుపు రంగు వస్తుంది. రంగు ఎంత చిక్కనైతే వాయువు అంత ఎక్కువ. గదిలోని గాలినే కొలవాలంటే, రసాయనం నింపిన గొట్టం గుండా పంపుతో గాలిని లాగి, ఆ గొట్టాన్ని ప్రయోగశాలలో పరీక్షిస్తారు.

కొలత ఎంత అవసరమో అమెరికాలో జరిగిన ఒక సంఘటన వల్ల తెలుస్తుంది. 2005 ఆగస్టులో ఆ దేశపు దక్షిణ తీరాన్ని కత్రినా తుఫాను ముంచెత్తింది. ఇళ్లు కోల్పోయిన వేలాది కుటుంబాలకు ప్రభుత్వం చక్రాల మీద నిలిచే ట్రైలర్ ఇళ్లను ఇచ్చింది. ఇరుకైన గదులు, అలమారలు, బల్లలు చాలావరకు అతుకు చెక్కవే. కిటికీలు మూస్తే గాలి ఆడదు. కళ్లమంట, దగ్గు, ఆయాసం, ముక్కునుంచి రక్తం అంటూ ఫిర్యాదులు మొదలయ్యాయి. చివరకు 2007 డిసెంబరు, 2008 జనవరి నెలల్లో ప్రభుత్వ ఆరోగ్య నిపుణులు 519 ఇళ్లలోని గాలిని పరీక్షించారు. వందకోట్ల పాళ్ల గాలిలో సగటున 77 పాళ్ల ఫార్మాల్డిహైడ్ తేలింది, గరిష్ఠంగా 590. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సూచించిన హద్దు, అరగంట సగటుకు, దాదాపు 80. సగటు హద్దులోపే ఉంది కదా అని తృప్తిపడటానికి వీలులేదు. పరీక్ష జరిగింది చలికాలంలో, ఇళ్లు పాతబడిన తరువాత. తొలి వేసవుల్లో అది ఇంకా ఎక్కువగానే ఉండి ఉంటుంది.

ఇంట్లో చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. కొత్త సామాను ఉన్న గదిలో కొన్ని వారాలు పడుకోకుండా కిటికీలు తెరిచి ఉంచడం మంచిది. బోర్డును కోసిన అంచులనుంచి వాయువు ఎక్కువగా వస్తుంది కనుక వాటిని పట్టీతో మూయాలి. కుండీలో మొక్కలు పెడితే చాలునని కొందరంటారు. మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాలనుంచి పుట్టిన మాట అది. తెరిచిన కిటికీకి అవి సాటిరావు.

అసలు మార్పు జిగురులోనే రావాలి. అతుకు చెక్క ఎంత వాయువు వదలవచ్చునో అమెరికా 2010లో చట్టంచేసి హద్దు పెట్టింది. అంతకుముందే ఆరెగాన్ రాష్ట్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త కైచాంగ్ లీ సముద్రతీరంలో ఒక వింత గమనించారు. ఎంత పెద్ద అల కొట్టినా ఆల్చిప్ప జాతి జీవులు బండను వదలడం లేదు. వాటి పట్టుకు మూలం అవి స్రవించే మాంసకృత్తు. అంత మాంసకృత్తును సముద్రంనుంచి సేకరించడం సాధ్యంకాదు. అందువల్ల ఆయన సోయాపిండిలోని మాంసకృత్తును దానిని పోలేటట్లు మార్చి జిగురు తయారుచేశారు. 2005నుంచి అక్కడి ప్లైవుడ్ సంస్థ ఒకటి ఆ జిగురును వాడసాగింది. అందులో ఫార్మాల్డిహైడ్ కలపరు.