షాకులు టైట్ చేయిస్తే సరిపోతుందా?

భద్రాచలం నుంచి చర్ల దారి పట్టి, తారు వదిలి పక్కకు దిగితే వాగు రాళ్లు, ఎర్రమట్టి గతుకులు, గోదావరి ఒడ్డున ఇసుక. మూడింటికీ షెడ్డులో దొరికే సలహా ఒక్కటే: "షాకులు టైట్ చేయించన్నా."

అపోహ: వెనక స్ప్రింగ్ బిగిస్తే గట్టిపడుతుంది.
వాస్తవం: స్ప్రింగ్ ఎంత గట్టిదో దాని తీగ మందం, చుట్లే తేలుస్తాయి. స్ప్రింగ్‌ను బిగించే రింగు తిప్పితే పెరిగేది బండి వెనక ఎత్తు. స్ప్లెండర్ వెనక షాకులకు 5 మెట్లున్నది అందుకే. మిర్చి బస్తా కట్టినప్పుడు పైమెట్టు, దించాక కిందిమెట్టు. బస్తా దించుతారు గానీ మెట్టు మాత్రం దించరు!

అపోహ: కూర్చుంటే మెత్తగా ఉంది, సెట్టింగ్ కుదిరినట్టే.
వాస్తవం: టేపు తీయాలి. 2023లో వచ్చిన ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రోలో వెనక చక్రం 220 మిల్లీమీటర్లు ఆడుతుంది. చక్రం గాల్లో ఉంచి ఇరుసు నుంచి సీటు కింద గీసిన గుర్తు దాకా కొలవండి. హెల్మెట్, బూట్లతో ఎక్కి కూర్చుని ఇంకొకరితో మళ్లీ కొలిపించండి. తేడా ఆ 220లో మూడో వంతు, అంటే 70 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి.

అపోహ: గతుకుల్లో నడుం విరుగుతోందంటే స్ప్రింగ్ గట్టిదని అర్థం.
వాస్తవం: నేనూ చాలాకాలం ఇలాగే మోసపోయాను. మొదటి రెండు గతుకులు హాయిగా దాటి, ఐదోదానికి దబ్బున కొడితే తప్పు రీబౌండ్‌ది, అంటే షాకు తిరిగి లేచే వేగానిది. అణిగిన షాకు నెమ్మదిగా లేస్తుంటే, పూర్తిగా లేవకముందే తర్వాతి గతుకు మళ్లీ అణుస్తుంది. అలా దిగి దిగి చివరికి ఆడటానికి చోటుండదు. రీబౌండ్ రెండు క్లిక్కులు వదిలి అదే దారిలో మళ్లీ నడిపి చూడండి. మరీ వదిలేస్తే వెనక చక్రం గెంతుతుంది.


 

అపోహ: ఒకసారి సెట్టింగ్ కుదిరితే అన్ని దారులకూ అదే.
వాస్తవం: రాళ్లలో మెల్లగా పోతాం కాబట్టి ముందు ఫోర్కు కంప్రెషన్, అంటే అణిగేటప్పటి బిగువు, వదలాలి; చక్రం రాయిని హత్తుకుని దాటుతుంది. ఇసుకలో అదే మెత్తని ఫోర్కు ముక్కు కిందికి దించి పాతుకుంటుంది, అక్కడ బిగించాలి. కంప్రెషన్ మరను మెల్లగా పూర్తిగా మూసి, అక్కడి నుంచి వెనక్కి క్లిక్కులు లెక్కపెట్టాలి. మూసుకున్నాక ఇంకా బలవంతపెడితే లోపలి సూది పాడవుతుంది. నా ట్యాంకు మీద అంటించిన ప్లాస్టరు ముక్కపై పెన్నుతో రాసుంటుంది: "రాళ్లు 12, ఇసుక 8."