బొమ్మల యుద్ధంలో పిక్కలు జాగ్రత్త!

"మా అల్లుడుగారికి నలభై ఆరేళ్ళు. అమెరికాలో మంచి ఉద్యోగం. ఏటా సెలవు పెట్టి, ఆరు గంటలు కారు నడుపుకుంటూ పోయి, ఒక హోటల్లో మూడు రోజులు సిపాయి బొమ్మలతో యుద్ధాలు ఆడి వస్తారు. ఇదేమైనా మానసిక వ్యాధా?" అని ఒక తల్లి అడిగారు.

వ్యాధి కాదమ్మా. ఆ దేశాల్లో అదొక సరదా. మన బొమ్మల కొలువులాగే బల్లమీద కొండలు, వాగులు, ఊళ్ళు అమర్చి, వాటర్లూ, గెటిస్‌బర్గ్ వంటి పాత యుద్ధాలను పాచికలు వేస్తూ, టేపుతో దూరాలు కొలుస్తూ మళ్ళీ నడుపుతారు. కొందరు తేనెపట్టు గళ్ళ పటం మీద అట్టముక్కలు జరుపుతారు. 1824లోనే ప్రష్యా సైన్యం తన అధికారుల శిక్షణకు ఇటువంటి ఆటను చేపట్టింది. 1913లో హెచ్.జి.వెల్స్ బొమ్మల యుద్ధాల మీద పుస్తకమే రాశాడు. ఇప్పుడు అమెరికాలో హిస్టారికాన్ వంటి మేళాలకు ఎంతోమంది పెద్దవాళ్ళు పోతారు. కనుక మీ అల్లుడుగారి బుద్ధికి వచ్చిన ముప్పేమీ లేదు. ముప్పల్లా కుర్చీతోనే.

కాళ్ళలోని రక్తం గుండెకు ఎక్కాలంటే పిక్క కండరాలు పనిచేయాలి. నడిచినప్పుడల్లా అవి సిరలను పిండి రక్తాన్ని పైకి తోస్తాయి. గంటల తరబడి మోకాళ్ళు మడిచి కూర్చుంటే ఆ పంపు ఆగిపోతుంది. లోపలి సిరలో రక్తం గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు పోతే ప్రాణానికే ముప్పు.

ఈ సంగతి అసలు యుద్ధంలోనే బయటపడింది. 1940లో లండన్ మీద బాంబులు కురుస్తున్న రోజుల్లో జనం ఆశ్రయాలలో చేరి, గుడ్డకుర్చీలలో కూర్చునే రాత్రంతా నిద్రపోయేవారు. ఒంటి మీద గాయం లేకుండానే కొందరు హఠాత్తుగా చనిపోయారు. కీత్ సింప్సన్ అనే డాక్టరు శవపరీక్షలు చేసి, కారణం ఊపిరితిత్తుల్లో చేరిన రక్తపు గడ్డలని తేల్చి లాన్సెట్ పత్రికలో రాశాడు. పడుకోవడానికి మంచాలు వేయమన్నాడు.

భయపడకండి, ఇది అందరికీ రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వెల్లడించిన పరిశోధన ప్రకారం, నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో ఈ ప్రమాదం సుమారు రెట్టింపవుతుంది. అయినా ఆరోగ్యవంతులలో అటువంటి విమాన ప్రయాణానికి ఆరువేల మందిలో ఒకరికి మాత్రమే వస్తుంది. లోగడ గడ్డ కట్టినవారు, ఈమధ్య ఆపరేషన్ అయినవారు, స్థూలకాయులు, కాన్సర్ రోగులు, గర్భిణులు, గర్భనిరోధక మాత్రలు వాడే స్త్రీలు మాత్రం ముందుగా డాక్టరును అడిగి వెళ్ళాలి. ఎవరో చెప్పారని ఆస్పిరిన్ మింగవద్దు.

తక్కినవారు చేయవలసింది సులువే. ఎదుటివాడి వంతు రాగానే లేవండి. బల్ల చుట్టూ ఒకసారి తిరిగితే అతని సేన ఎటు మోహరించిందో కూడా తెలుస్తుంది! కారు ప్రయాణంలోనూ రెండు గంటలకొకసారి ఆగి నడవండి. కూర్చున్నప్పుడు మడమలు ఎత్తుతూ దించుతూ ఉండండి. ఆట మధ్యలో లేవాల్సి వస్తుందని నీళ్ళు మానుకోవడం తప్పు. సంక్రాంతికి మూడు రోజులూ చాప దిగని మన పేకాటరాయుళ్ళకూ ఇదే చెబుతుంటాను. వాళ్ళు వినరు, అది వేరే సంగతి. చక్కెర వ్యాధికి ఇన్సులిన్ తీసుకునేవారు యుద్ధం ముగిశాక తింటామంటే కుదరదు. వేళకు తినాలి, జేబులో పంచదార ఉంచుకోవాలి.

ఇంటికి వచ్చాక ఒక పిక్క మాత్రమే వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే నూనె రాసి మర్దన చేయకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. హఠాత్తుగా ఆయాసం వచ్చినా, గాలి పీల్చినప్పుడు రొమ్ములో పొడిచినట్లున్నా, దగ్గులో రక్తం పడినా క్షణం ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి.

అమ్మా, మీరు అడగని సంగతి ఇంకొకటి ఉంది. ఈ మేళాలలో పాత బొమ్మలు అమ్ముతారు. వాటిలో చాలావరకు సీసం కలిసినవి. సీసం చర్మం గుండా పెద్దగా పోదు గాని, ఆకురాయితో రుద్దినప్పుడు లేచే దుమ్ము గాలితో, చేతులతో ఒంట్లోకి చేరుతుంది. తెల్లని బూజులాంటి పొడి పట్టిన బొమ్మ మరీ చెడ్డది. రంగు వేసేటప్పుడు కుంచె మొనను పెదవులతో తడిపే అలవాటు మానాలి. భోజనానికి ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పసివాళ్ళ మెదడుకు సీసం కొంచెమైనా మంచిది కాదు. మీ మనవలు బొమ్మలను నోట్లో పెట్టుకునే వయసువారైతే వాటిని తాళం వేసిన పెట్టెలో ఉంచమనండి. ఇప్పటికే నోట్లో పెట్టుకుని ఉంటే, రక్తంలో సీసం ఎంతుందో ఒకసారి పరీక్ష చేయించమని మీ అమ్మాయికి రాయండి.