ఎర్రగీత మందు ఉమ్మడి సొత్తు

పంట చేతికి వచ్చు కాలమున రైతునకు జ్వరము వచ్చినచో, ఆ జ్వరముకంటె పని నిలిచిపోవుటయే యెక్కువ బాధ కలిగించును. పత్తితీతకు కూలీలు కుదిరి యుందురు. కల్లములో మిర్చి ఆరుచుండును. ఆసుపత్రికి పోవుటకు తీరిక యుండదు. అట్టి సమయమున పొరుగింట మిగిలిన రెండు క్యాప్సూళ్లు తెచ్చి మ్రింగుటయో, కుర్రవానిని మందుల షాపునకు పంపి "గట్టి మందు" తెప్పించుకొనుటయో మన జగ్గయ్యపేట, నందిగామ మెట్టగ్రామములలో అక్కడక్కడ వాడుకయై యున్నది. ఇందువలన కలుగు నష్టము మ్రింగినవానితో పోవునది కాదు. అందుచేత ఈ నెల సంచికలో ఈ విషయమును సభ్యుల యెదుట ఉంచుచున్నాము.

ఒంటి వేడిని తగ్గించు సామాన్యపు బిళ్ళ వేరు, యాంటీబయోటిక్కు వేరు. మొదటిది జ్వరమును తాత్కాలికముగా అణచును. రెండవది రోగమునకు కారణమైన బాక్టీరియా యను సూక్ష్మజీవులను చంపును, లేదా వాని పెరుగుదలను ఆపును. జలుబు, ఫ్లూ, డెంగీ మొదలగునవి బాక్టీరియావలన గాక వైరసులవలన వచ్చును. వానిపై యాంటీబయోటిక్కు ఏమియు పనిచేయదు. డబ్బు పోవును, కడుపులోని మేలుచేయు సూక్ష్మజీవులు మాత్రము చచ్చును.

ఈ మందులు పుట్టినచోటు తెలిసికొనినచో రైతునకు ఆశ్చర్యము కలుగును. అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయమునకు సాన్‌బర్న్ క్షేత్రమను వ్యవసాయ ప్రయోగభూమి గలదు. అది 1888లో ఏర్పడినది. అచ్చట పశుగ్రాసము పెంచిన మడిలోని గుప్పెడు మన్ను 1945లో లెడర్లీ పరిశోధనశాలకు చేరినది. బెంజమిన్ డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు, మొక్కల తెగుళ్లలో పండితుడు, ఆ మట్టిలో బంగారు రంగు పదార్థమును తయారుచేయు సూక్ష్మజీవిని కనిపెట్టెను. దానినుండి వచ్చిన మందే ఆరియోమైసిన్. 1948లో అది లోకమునకు వెల్లడి యయ్యెను. ఆ పరిశోధనశాలకు అధిపతి మన తెలుగువాడే. ఆయన 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. మందు వెల్లడియైన ఆ 1948వ సంవత్సరముననే ఆయన కాలధర్మము నొందిరి. టెట్రాసైక్లిన్ వంశమునకు ఆరియోమైసిన్ ఆద్యము. ఆ వంశములోనిదే నేడు మన ఆసుపత్రులలో తరచుగా వ్రాయు డాక్సీసైక్లిన్. అది 1967లో అమెరికాలో ఆమోదము పొందినది.

మన్నునుండి వచ్చిన మందైనను, దానిని విచ్చలవిడిగా వాడినచో పనిచేయుట మానును. ఏలననగా, ఈ పాఠమును మన పత్తిచేలు మనకు నేర్పియే యున్నవి. 1980 ప్రాంతమున సింథటిక్ పైరిథ్రాయిడ్ పురుగుమందులు వచ్చినపుడు ఒక పిచికారితో శనగపచ్చపురుగు రాలిపోయెడిది. రైతులు వానినే పదేపదే చల్లిరి. 1987–88లో కోస్తాజిల్లాల పత్తిలో ఆ పురుగు విజృంభించినపుడు ఎన్నిసారులు చల్లినను చావలేదు. జరిగినదేమనగా, ప్రతి పిచికారిలోను బలహీనమైనవి చచ్చి, తట్టుకొనగలిగిన కొన్ని మిగిలినవి. వాని సంతతియే చేనినిండ నిండినది. బాక్టీరియా విషయమునను ఇదే జరుగును. పురుగునకు తరము మారుటకు వారములు పట్టును; బాక్టీరియాలలో పెక్కింటికి నిమిషములు, గంటలు చాలును. అంతేకాక, ఒక జాతి బాక్టీరియా తాను సంపాదించిన తట్టుకొను శక్తిని వేరొక జాతికి అందించగలదు.

అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1928లో పెనిసిలిన్‌ను కనిపెట్టెను. 1945లో నోబెల్ బహుమాన సమయమున, చాలీచాలని మోతాదులు వాడినచో సూక్ష్మజీవులు మందునకు అలవాటుపడునని ఆయన ముందే హెచ్చరించెను. ఆ హెచ్చరిక నిజమైనది. మందునకు లొంగని బాక్టీరియావలన 2019 ఒక్క సంవత్సరములోనే లోకమున 12 లక్షలకు పైగా జనులు మరణించిరని 2022లో ప్రకటితమైన లెక్క తెలుపుచున్నది.

ఇక వాడుకలోని జాగ్రత్తలు. డాక్సీసైక్లిన్‌నే ఉదాహరణగా తీసికొందము. ఇది పొలముపని చేయువారికి తగిలెడి స్క్రబ్ టైఫస్ జ్వరమునకు ముఖ్యమైన మందు. పొదలలో, గట్ల గడ్డిలో నుండు కంటికి ఆనని పురుగుపిల్ల కుట్టుటచే ఈ జ్వరము వచ్చును. తీవ్రమైన జ్వరము, తలనొప్పి యుండును. కుట్టినచోట కొందరికి నల్లని పొక్కు కట్టును. ఇట్టి జ్వరమునకు ఇంటిలో మిగిలిన అమాక్సిసిలిన్ మ్రింగినచో ప్రయోజనము సున్న. అది ఈ సూక్ష్మజీవిపై పనిచేయదు. రోగి మందు వేసికొంటినను ధీమాతో నాలుగురోజులు గడుపును. ఆ నాలుగురోజులలో రోగము ఊపిరితిత్తులకు, మూత్రపిండములకు ప్రాకి ప్రాణముమీదికి రావచ్చును. సరియైన మందు సకాలములో పడినచో పెక్కుమందికి రెండు మూడురోజులలో జ్వరము దిగును. ఏ జ్వరమునకు ఏ మందో తేల్చుటకే డాక్టరు, రక్తపరీక్ష.

మొదటిది: డాక్టరుగారికి దాచక చెప్పవలసినవి నాలుగు గలవు. పూర్వము ఏ మందైన పడక దద్దురులు, ఆయాసము వచ్చినవా. స్త్రీయైనచో గర్భవతియా, పాలిచ్చు తల్లియా. ఇప్పుడు ఏయే మందులు వాడుచున్నారు. ఇంతకుముందే ఎవరైన ఏదైన సూది వేసినారా. డాక్సీసైక్లిన్ ఎదుగుచున్న పిల్లల దంతములకు మచ్చలు తెచ్చును గనుక గర్భిణులకు, ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు సామాన్యముగా ఇయ్యరు. ప్రాణాపాయమున్నచో డాక్టరు ఆలోచించి యిచ్చును. ఇంటివారు తమంతట తాము ఇయ్యరాదు.

రెండవది: ఈ క్యాప్సూలును పెద్దగ్లాసుడు నీళ్లతో మ్రింగవలెను. మ్రింగిన పిమ్మట అరగంటయైనను పడుకొనరాదు. గుక్కెడు నీళ్లతో వేసికొని మంచమెక్కినచో అది అన్నవాహికలో అంటుకొని పుండుచేయును.

మూడవది: ఇనుముబిళ్ళ, సున్నపుబిళ్ళ, కడుపుమంటకు త్రాగు మందు, ఇవి ఈ మందును పట్టుకొని రక్తములోనికి పోనీయవు. టెట్రాసైక్లిన్ విషయమున పాలు, పెరుగు గూడ నిట్లే చేయును. వీనికిని మందునకును ఎన్నిగంటల యెడము ఉండవలెనో అడిగి తెలిసికొనవలెను.

నాలుగవది: ఈ మందు వాడునపుడు కొందరికి ఎండ తగిలినచో చర్మము కమలిపోవును. చేనిపని తప్పనివారు నిండుచేతుల చొక్కా, తలపాగా ధరింపవలెను.

ఐదవది: చెప్పిన వేళకు, చెప్పినన్ని రోజులు వాడవలెను. ఒంట్లో తేలికపడినదని తమంతట తాము మానరాదు. మానవచ్చునో లేదో డాక్టరుగారినే అడుగవలెను. ఒకపూట మరచినచో మరుపూట రెండు కలిపి మ్రింగరాదు. అయితే ఒళ్లంతయు దద్దురులు లేచినను, ముఖము వాచినను, ఊపిరి ఆడకున్నను, విరేచనములలో రక్తము పడినను ఆ క్షణమే ఆసుపత్రికి పోవలెను.

ఆరవది: మిగిలిన బిళ్ళలను దాచరాదు, ఒకరికి ఇయ్యరాదు. గడువుదాటి చెడిన టెట్రాసైక్లిన్ తిన్నవారికి మూత్రపిండములు దెబ్బతిన్న సంగతులు 1960లనాటి వైద్యపత్రికలలో నమోదైనవి. వానిని కాలువలోను, పెంటకుప్పలోను వేయక, ఎట్లు పారవేయవలెనో ఆసుపత్రివారిని అడుగుడు.

డాక్టరుచీటి లేక అమ్మరాని మందుల షీటు వెనుక ఎర్రని నిలువుగీత యుండును. దాని అర్థమును జనులకు తెలుపుటకు కేంద్ర ఆరోగ్యశాఖ 2016లో ప్రచారము ప్రారంభించినది. చదువురానివారు సైతము గుర్తింపగల గుర్తు ఇది. ప్రతి సభ్యుడును తన యింటివారికి దీనిని చూపవలెను.

మనుష్యుల మాట యట్లుండ, పశువుల మాట వేరుకాదు. ఆరియోమైసిన్ తయారుచేయగా మిగిలిన పిప్పిని కోళ్లకు మేపగా అవి త్వరగా పెరుగుచున్నవని అదే లెడర్లీ సంస్థలో కనిపెట్టిరి. రోగము లేకున్నను మేతలో మందు కలుపు అలవాటు అప్పటినుండి దేశదేశములకు ప్రాకినది. ఐరోపా దేశముల కూటమి పెరుగుదలకొరకు యాంటీబయోటిక్కులు మేపుటను 2006లో పూర్తిగా మాన్పించినది. మనుష్యులకు చివరి ఆధారముగ నున్న కొలిస్టిన్ అను మందును కోళ్లకు, పశువులకు వాడరాదని మన కేంద్రప్రభుత్వము 2019లో నిషేధించినది.

పాడిగేదెకు పొదుగువాపు వచ్చినపుడు పశువైద్యుడు చెప్పిన మందే వాడవలెను. ఎన్నిరోజుల పాలు వాడరాదో ఆయననే అడిగి, అన్నిరోజులును ఆ పాలు కేంద్రమునకు పోయరాదు. మందు కలిసిన పాలు సరిగా తోడుకొనకపోవుట గృహిణులకు అనుభవములోనిదే. తోడులోని సూక్ష్మజీవులను ఆ మందు చంపుటయే కారణము. ఒక్క యింటి చెంబెడు పాలు నూరిళ్ల పాలున్న క్యానులో కలియును. ఆ పాలు త్రాగు పసిబిడ్డ ఎవరి బిడ్డయో పోసినవానికి తెలియదు.

చేలలో చల్లు పొడి సంగతియు ఇట్టిదే. పత్తిలో నల్లమచ్చ తెగులునకు, వరిలో బాక్టీరియా ఎండాకు తెగులునకు రైతులు వాడుచు వచ్చిన స్ట్రెప్టోసైక్లిన్‌లో తొమ్మిదిపాళ్లు స్ట్రెప్టోమైసిన్, ఒకపాలు టెట్రాసైక్లిన్ గలదు. స్ట్రెప్టోమైసిన్ క్షయరోగమునకు మొట్టమొదట పనిచేసిన మందు. వ్యవసాయమున ఈ రెంటి వాడుకను మాన్పించుటకు కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరులో నిషేధపు ముసాయిదా ప్రకటించినది. తెగులును తట్టుకొను వంగడములు, ఆమ్లముతో శుద్ధిచేసి దూదిపోగులు తీసిన పత్తిగింజలు, పంటమార్పిడి, నత్రజని తగుమాత్రముగ వేయుట, ఇవి మందు అవసరమును తగ్గించు మార్గములు.

సహకారసంఘమునకు మూలధనము ఎట్టిదో సభ్యులకు చెప్పనక్కరలేదు. ఒకడు తీర్చని బాకీ అందరి వాటాను తినివేయును. యాంటీబయోటిక్కు గూడ అట్టి ఉమ్మడి మూలధనమే. మనము దుబారా చేసినచో దాని లోటు తగులునది రేపు కాన్పులో జ్వరము తగిలిన తల్లికి, ఆపరేషను చేయించుకొనిన ముదుసలికి, ఉమ్మనీరు మ్రింగి పుట్టిన పసికందునకు. కనుక సంఘసభ్యులెల్లరు రాబోవు సమావేశమున ఒక నియమము చేసికొందురుగాక: చీటి లేని ఎర్రగీత మందు కొనము, మిగిలినది పంచము, మందు వేసిన గేదెపాలు గడువుతీరక క్యానులో పోయము. ఈ మూడింటికి ఖర్చు లేదు. పాటించుటయే కావలెను.