చేపల తొట్టి, కూరల మడి: ముందు లెక్క, తరువాత నీరు

ఏ యంత్రాన్నైనా నడపబోయే ముందు దాని భారాన్ని లెక్కగట్టడం మనకు వృత్తిధర్మం. చేపలను, మొక్కలను ఒకే నీటితో పెంచే ఆక్వాపోనిక్స్ విధానానికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. చేపలు విడిచే అమ్మోనియాను సూక్ష్మజీవులు తొలుత నైట్రైటుగా, అనంతరం నైట్రేటుగా మారుస్తాయి. ఆ నైట్రేటు మొక్కలకు ఎరువు. శుద్ధి పొందిన నీరు మరల చేపలను చేరుతుంది.

తొట్టి కొనడంతో ఆరంభించడం పరిపాటి. నిజానికి లెక్క మేతతో మొదలుకావాలి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 2014లో వెలువరించిన మార్గదర్శిని ప్రకారం, చదరపు మీటరు ఆకుకూరల మడికి రోజుకు 40 నుండి 50 గ్రాముల మేత అవసరం. 3 చదరపు మీటర్లకు 150 గ్రాములనుకుందాం. ఎదుగుతున్న చేప రోజూ తన బరువులో 1 నుండి 2 శాతం తింటుంది. 1.5 శాతం చొప్పున 10 కిలోల చేపలు చాలును. వాటికి 1000 లీటర్ల తొట్టి సరిపోతుంది.

ఆ నీటి బరువే ఒక టన్ను. 30 సెంటీమీటర్ల లోతున మడిలో నింపే కంకర మరో టన్నున్నర దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి మేడపై ఏర్పాటు చేయదలచినవారు కప్పు బలాన్ని నిపుణులచే పరీక్షింపజేయనిదే పూనుకోరాదు. నేలమీద అమర్చుకొనడమే క్షేమం.

కుళాయి నీటిలోని క్లోరిన్ తొలగిన పిమ్మట సూక్ష్మజీవులు స్థిరపడడానికి 4 నుండి 6 వారాలు పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు లీటరుకు 1 మిల్లీగ్రాము లోపునకు దిగిన తరువాతనే పూర్తి సంఖ్యలో చేపలను వదలాలి. పి.హెచ్. 6, 7 నడుమ ఉంటే మూడు ప్రాణులకూ సమ్మతం. మొక్కలపై చల్లిన పురుగుమందు చేపలను చంపుతుంది గనుక దానికి తావులేదు. తిలాపియా పెంచదలచినవారు ముందుగా మత్స్యశాఖ అనుమతి పొందాలి.

అన్నిటికన్నా పెద్ద అపాయం విద్యుత్ అంతరాయం. పంపు ఆగితే ప్రాణవాయువు తగ్గి, కొద్ది గంటల్లోనే తొట్టి మొత్తం నష్టం కావచ్చు. బ్యాటరీతో పనిచేసే గాలి పంపును సిద్ధంగా ఉంచుకొని, నెలకొకసారి నడిపి చూడాలి. కరెంటు వచ్చేదాకా మేత వేయరాదు. ఈ జాగ్రత్తలు పాటించగల ఇంటిల్లిపాదికి అటు చేప, ఇటు ఆకుకూర రెండూ దక్కుతాయి.